నల్ల టమోటాకు మన చలికాలమే ఎండాకాలం

చెల్లీ, నువ్వు పంపిన ఫోటో చూసినా. అమెరికాలో మీ వదిన పెరట్లో కాసిన టమోటా అంట గదా. కోసిన ముక్క లోపల ముదురు ఎరుపు, గింజల చుట్టూ జిగురు ఆకుపచ్చ, తోలేమో దెబ్బ తగిలి కమిలిన రంగు. “అక్కా, ఇది మాగిందా, కుళ్ళిందా?” అని అడిగినావు. మాగిందే తల్లీ, దాని రంగే అంత. తిరుపతి పక్కన మన వడమాలపేటలో ఇవి కాస్తాయా అని ఇంకో ప్రశ్న కూడా వేసినావు. కాస్తాయి. కాకపోతే విత్తనాల పొట్లం మీద అచ్చేసిన నెలలు చూసుకుని నాటినావంటే మాత్రం ఆకులు తప్ప ఏమీ చూడవు.

పొట్లం మీద ‘వేసవి పంట’ అని ఉంటుంది. ఎవరి వేసవి? బ్లాక్ క్రిమ్ అనే రకం పుట్టిల్లు నల్లసముద్రంలోకి చొచ్చుకుపోయిన క్రిమియా. చెరొకీ పర్పుల్‌ది అమెరికాలో టెన్నెసీ కొండల సీమ. అక్కడ నడి వేసవిలో కూడా పగలు ముప్పై డిగ్రీలకు అటూ ఇటూ, రాత్రయితే ఇరవైకి దిగుతుంది. ఆ చలువ మన దగ్గర ఎప్పుడు వస్తుంది చెప్పు? ధనుర్మాసంలో. తిరుపతి చుట్టుపక్కల డిసెంబరు, జనవరిల్లో పగలు ముప్పై లోపల, రాత్రి పద్దెనిమిది, ఇరవై. అంటే వాళ్ళ ఎండాకాలం మనకు ముగ్గుల కాలంలో వస్తా ఉంది. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే నల్ల టమోటా సగం పండినట్లే.

టమోటా పువ్వు విచ్చుకుని ఉండేది రెండు మూడు రోజులు. ఆ రోజుల్లో పగలు 35 దాటినా, రాత్రి 24 కిందికి దిగకపోయినా పుప్పొడి చచ్చుబడిపోతుంది. చెట్టు పచ్చగా ఉంటుంది, పూత గుత్తులు గుత్తులుగా వస్తుంది, తొడిమ దగ్గర పసుపు తిరిగి టపటపా రాలిపోతుంది. జనం దాన్ని బలం చాలక రాలింది అనుకుని ఎరువు మీద ఎరువు వేస్తారు. ఎరువు ఎక్కువయ్యేకొద్దీ ఆకు ఇంకా దట్టమవుతుంది గానీ కాయ నిలబడదు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో రాత్రి కూడా గోడలు కాలతా ఉంటాయి. ఆ వేడిలో పావు కిలో తూగే కాయల చెట్టును నిలబెట్టాలని చూడొద్దు.

మదనపల్లి వాళ్ళు ఎండాకాలంలో లారీలకు లారీలు పంపిస్తున్నారు గదా అంటావేమో. మదనపల్లి సముద్రమట్టానికి 700 మీటర్ల దగ్గర ఉంది. మనమేమో కనుమలు దిగొచ్చి, కొండల కింద, చెన్నై రోడ్డు పక్కన, టోల్‌గేటు దగ్గర కార్ల పొగ పీలుస్తా కూచున్నాం. ఉమ్మడి చిత్తూరు జిల్లా అంటే జనం ఒకటే అనుకుంటారు గానీ పడమటి మిట్టకూ తూర్పు పల్లానికీ వాతావరణం అత్తాకోడళ్ళంత తేడా. పైగా వాళ్ళు వేసేవి వేడికీ తెగుళ్ళకూ ఓర్చుకునేట్లు పుట్టించిన హైబ్రిడ్లు. ఈ నల్లవి పాతకాలం రకాలు, అంత మొండితనం వీటికి లేదు.

ఇంకొకటి ముందే చెప్పేస్తా. మదనపల్లి మార్కెట్లో కిలో రెండు రూపాయలకు కూడా అడిగే దిక్కు లేక రైతులు రోడ్డు పక్కన పారబోసిన రోజులున్నాయి. 2023 జులైలో కిలో 150 దాటి 200 దాకా ఎగబాకిన రోజులూ ఉన్నాయి. ఆ ధరల బాధ తప్పించుకోవాలని నల్ల టమోటా నాటేదయితే వద్దు. దానికి అర్క రక్షక్ లాంటి హైబ్రిడ్డో, మన నాటు పుల్ల టమోటానో వేసుకో. నల్లది చెట్టుకు మూడు నాలుగు కిలోలు ఇచ్చిందంటే మంచి చెట్టు కిందే లెక్క. దాన్ని పెంచేది రుచి కోసం, విత్తనం మన చేతిలో ఉండడం కోసం.

ఇప్పుడు నెలల లెక్క. మనకు పెద్ద వానలు వచ్చేది తిరుగు రుతుపవనాలకు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అందులో నవంబరు మరీ. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైపోయింది నీకు గుర్తుండే ఉంటుంది. 2023లో డిసెంబరు మొదటివారంలో మిచౌంగ్ తుఫాను వచ్చె. లేత టమోటా నారు వేళ్ళకు ఒక రాత్రంతా నీళ్ళు నిలబడితే చాలు, పొద్దున్నే తల వాల్చేస్తుంది. అందుకని నేను చెప్పేదేందంటే, దీపావళి అటూ ఇటూగా నారు పోసుకో. వసారాలోనో, రేకుల కిందో, వాన పడకుండా వెలుతురు మాత్రం బాగా తగిలేట్లు పెట్టుకో. నారుకు ఇరవై ఐదు, ముప్పై రోజులు. డిసెంబరులో వానలు వెనక్కి తగ్గినాక నాటితే, పొంగలి వేళకు పూత, శివరాత్రికి కాయ. చిన్న కాయల రకమయితే ఇంకాస్త ముందే వస్తుంది. మార్చి నడిమికి చెట్టు పని అయిపోతుంది. మొత్తం నాలుగు నెలల కాపురం. తొందరపడి దసరాకే నారు పోయాలనుకుంటే కుండీల్లో పెంచుకో, వాన వస్తే లోపలికి జరుపుకోవచ్చు.

ఏ రకం వేసుకోవాలి అంటే, మొదటిసారి వేసేవాళ్ళకు నేను బ్లాక్ చెర్రీయే చెప్తా. ఉసిరికాయంత కాయలు, గుత్తులుగా వేలాడతాయి, వేడికి పెద్ద కాయల రకాల కంటే బాగా ఓర్చుకుంటుంది, పగుళ్ళు తక్కువ. పిల్లలు చెట్టు దగ్గరే తినేస్తారు, వంటింటి దాకా రానివ్వరు. దీంతో చెయ్యి తిరిగినాక పెద్దవాటి జోలికి పో.

పెద్దవాటిలో బ్లాక్ క్రిమ్ కథ వినాల్సిందే. క్రిమియాలో ఇళ్ళ దగ్గర పెంచుకునే రకం అది. స్వీడన్ దేశస్తుడు లార్స్ ఒలోవ్ రోసెన్‌స్ట్రోమ్ ద్వారా 1990లో అమెరికాలోని సీడ్ సేవర్స్ ఎక్స్చేంజ్ అనే సంస్థకు చేరింది. ఆ సంస్థ చేసే పని మన నానమ్మలు చేసిందే. ఒకరి ఇంటి విత్తనం ఇంకొకరికి పంచిపెట్టడం. 1975లో మొదలుపెట్టినారు, ఇప్పటికీ నడస్తా ఉంది. క్రిమ్ కాయలో కొంచెం ఉప్పదనం ఉన్నట్లు నాలుకకు తగులుతుంది. ఉప్పు చల్లకుండానే ఉప్పేసినట్లు ఉంటుందని తిన్నవాళ్ళందరూ అనేదే. కాకపోతే భుజాలు పగలడంలో దీన్ని మించింది లేదు. నీళ్ళు ఒకరోజు ఎక్కువ పోసి ఒకరోజు మరిచినావంటే, కాయ తొడిమ చుట్టూ గీతలు గీతలుగా నోరు తెరుస్తుంది.

చెరొకీ పర్పుల్ కూడా ఆ 1990లోనే బయటికొచ్చింది. క్రెయిగ్ లెహూలియర్ అని వృత్తికి రసాయన శాస్త్రవేత్త, ప్రాణమంతా టమోటా మీదే. టెన్నెసీ నుంచి ఒకాయన ఆయనకు ఉత్తరంలో గింజలు పెట్టి పంపించినాడు. చెరొకీ ఆదివాసుల దగ్గర నుంచి నూరేళ్ళుగా చేతులు మారుతా వచ్చిన రకమని అందులో రాసినాడు. పేరు కూడా లేదు దానికి. లెహూలియరే పెట్టినాడు. ఆయన ఆ గింజలను ఒక విత్తనాల కంపెనీకి పంపితే, రుచి బాగానే ఉంది గానీ కమిలిపోయిన రంగు కాయను జనం కొంటారా అని వాళ్ళు సందేహపడ్డారట. చూసినావా, నీకు వచ్చిన అనుమానమే వాళ్ళకూ వచ్చింది. ఇప్పుడది అమెరికా పెరళ్ళలో ఇష్టంగా పెంచే పాత రకాల్లో ముందు వరసలో ఉంది.

నాకు మనసుకు దగ్గరైన పేరు మాత్రం పాల్ రోబ్‌సన్. ఇది రష్యా రకం. నల్లజాతి గాయకుడు, హక్కుల కోసం గొంతెత్తిన మనిషి పేరు పెట్టుకున్నారు. అస్సాం భూపేన్ హజారికా న్యూయార్కులో చదువుకునేటప్పుడు కలిసి, ముగ్ధుడైపోయింది ఈయన పాటలకే. రష్యన్లకు రోబ్‌సన్ మీద అంత అభిమానం. ఒక పాటగాడి పేరు టమోటాకు పెట్టడంలో ఉన్న ప్రేమ చూడు, మన దగ్గర హీరోల పేర్లు చీరలకు పెడతాం, కాయగూరకు పెట్టాలని ఎవరికీ తోచలేదు.

ఈ నలుపు ఎక్కడిదని నీకు అనుమానం ఉంటుంది. మామూలు టమోటా మాగేటప్పుడు ఆకుపచ్చ రంగు పూర్తిగా విరిగిపోయి ఎరుపు ఒక్కటే మిగులుతుంది. వీటిలో ఒక జన్యువు చెడిపోయి ఉంటుంది కాబట్టి ఆకుపచ్చ పోదు. ఎరుపూ వస్తుంది, ఆకుపచ్చా నిలబడుతుంది. రెండూ కలిస్తే గోధుమ రంగు. అదే కాయకు పై తోలు రంగు లేకుండా అద్దంలా ఉంటే వంగపండు ఛాయ కనిపిస్తుంది, పసుపు తోలయితే ఇటుక నలుపుగా కనిపిస్తుంది. అంతే తప్ప నేరేడుకాయలో ఉండే నీలి రంగు వీటిలో లేదు.

నేరేడు రంగు ఉన్నవి వేరే. ఇండిగో రోజ్ అని 2012లో ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ విడుదల చేసింది. అడవి టమోటాలతో కలిపి, మామూలు పద్ధతిలోనే పుట్టించినారు. ఎండ తగిలిన తోలు నల్లద్రాక్షలా ఉంటుంది, తొడిమ ఆకులు కప్పిన చోట నక్షత్రం ఆకారంలో ఆకుపచ్చగా మిగిలిపోతుంది. చూడ్డానికి అందమే. రుచికి మాత్రం నేనైతే మార్కులెయ్యను. ఇది పాతకాలం రకం కూడా కాదు. ఇక మూడోది, ఇంగ్లండులో జాన్ ఇన్నెస్ సెంటరులో కాథీ మార్టిన్ బృందం పూలమొక్క జన్యువులు చేర్చి తయారుచేసిన ఊదా టమోటా, లోపల గుజ్జు కూడా ఊదాయే. దాని మీద పరిశోధన 2008లో అచ్చయింది, 2022లో అమెరికా ప్రభుత్వం సరేనంది, 2024 నుంచి అక్కడ ఇళ్ళవాళ్ళకు గింజలు అమ్ముతున్నారు. మన దేశంలో దానికి అనుమతి లేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మీ వదిన వచ్చేటప్పుడు గింజలు సూట్‌కేసులో వేసుకుని తెస్తానంది అన్నావు గదా. వద్దని చెప్పు. గింజ పావలా ఎత్తు ఉండదు, ఎవరు చూస్తారు అనుకుంటారు. కానీ బయటి దేశం విత్తనం తెచ్చుకోవాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిటు, అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య పత్రం రెండూ ఉండాల. చాదస్తం కాదిది. టమోటాకు రుగోస్ అనే కొత్త వైరస్ ఒకటి పదేళ్ళ కిందట పడమటాసియాలో బయటపడి, విత్తనాల మీద ఎక్కి దేశాలు తిరిగింది. కాయ ముడతలు పడి, మచ్చలు తేలి ఎందుకూ పనికిరాకుండా పోతుంది. మన జిల్లాల్లో టమోటా మీద బతికే కుటుంబాలు ఎన్నున్నాయో నీకు తెలుసు. ఒక్క గుప్పెడు గింజల కోసం వాళ్ళ కడుపు కొట్టొద్దు.

క్రిమ్, చెరొకీ, బ్లాక్ చెర్రీ గింజలు మన దేశంలోనే దొరుకుతున్నాయి. కొనేటప్పుడు మాత్రం బొమ్మ చూసి మోసపోవద్దు. కంప్యూటర్లో రంగేసిన బొగ్గు నలుపు కాయ బొమ్మ పెట్టి ‘బ్లాక్ టమోటా, షుగరు తగ్గిస్తుంది, క్యాన్సరు రాదు’ అని రాసుంటే అక్కడ కొనొద్దు. అట్లాంటి ఆన్‌లైన్ దుకాణంలో మా పిన్నమ్మ కూతురు తెప్పిస్తే మొలిచింది మామూలు ఎర్ర టమోటా. రకం పేరు స్పష్టంగా ఉండాల. ఒట్టి ‘నల్ల టమోటా’ అనేది రకం పేరు కాదు. షుగరు సంగతంటావా, టమోటా ఏ రంగుదయినా మంచి కాయగూరే, మందు బిళ్ళకు మాత్రం బదులు కాదు.

మట్టి దగ్గరికి వద్దాం. మన ఎర్రమట్టి రెండు వంతులు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక వంతు, కొబ్బరి పీచు పొట్టు ఒక వంతు, గుప్పెడు వేపపిండి. ఇరవై లీటర్ల పెయింటు బకెట్టుకు అడుగున నాలుగు చిల్లులు పెడితే ఒక చెట్టుకు సరిపోతుంది. అంతకంటే చిన్నదాంట్లో పెద్ద కాయల రకం వేయొద్దు. నేలలో వేసేదయితే మట్టి ఎత్తుగా కట్ట పోసి వేయి. పోయిన ఏడాది వంగ, మిరప, టమోటా వేసిన చోట మాత్రం మళ్ళీ టమోటా వద్దు. అన్నీ ఒకే ఇంటివే, ఒకరి జబ్బు ఇంకొకరికి అంటుతుంది. నాటేటప్పుడు కింది ఆకులు గిల్లేసి, కాండం సగం దాకా మట్టిలోకి పోనీ. పూడిన కాండం నుంచి కూడా వేళ్ళు పుడతాయి. మొదలు చుట్టూ చెనక్కాయ పొట్టో, వరిగడ్డో కప్పు. తేమ ఒకే తీరుగా ఉంటుంది. కాయ అడుగున నల్లగా తోలు అట్టకట్టినట్లు అవుతుందే, దానికి కారణం సున్నం అందకపోవడం. సున్నం అందనిది ఎక్కువసార్లు మట్టిలో లేక కాదు, నీళ్ళు ఒకరోజు వరద, ఒకరోజు కరువు అయ్యేసరికి. కోడిగుడ్డు పెంకులు పొడిచేసి చల్లితే వెంటనే నయమయిపోతుందని చెప్తారు, ఆ పెంకు మట్టిలో కరిగేలోపల మన పంట అయిపోతుంది. రోజూ ఒకే వేళకు ఒకే కొలతగా నీళ్ళు పొయ్యి, అదే మందు.

ఈ రకాలన్నీ ఆగకుండా పెరిగే తీగ జాతి. ఆరడుగులు సులువుగా దాటుతాయి. నాటిన రోజే సర్వి కట్టె పాతు, తర్వాత పాతితే వేళ్ళు తెగుతాయి. కాండానికీ ఆకు రెమ్మకూ మధ్య సందులో పుట్టే పిలకలను చిటికెన వేలంత ఉన్నప్పుడే గిల్లెయ్. ఒకటో రెండో కాండాలు ఉంచు చాలు. పూత వేళ పొద్దున తొమ్మిది, పది గంటలప్పుడు పూగుత్తిని వేలితో నాలుగుసార్లు తట్టు. టమోటా పువ్వు పుప్పొడి చిన్న గొట్టాల లోపల దాగి ఉంటుంది, అదిరితే గానీ రాలదు. ఝుమ్మని అదిరించే తుమ్మెదలు వస్తే సరే, తేనెటీగలకు ఆ విద్య రాదు. మిద్దె మీద పెంచేవాళ్ళకు వేలే తుమ్మెద.

ఇంక అసలు కష్టాలు రెండు. ఒకటి ముడత తెగులు. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్సు. ఆకు దొప్పలా పైకి ముడుచుకుని, చెట్టు కుంచించుకుపోతుంది. పాతరకాలకు దీన్ని తట్టుకునే శక్తి లేదు. వచ్చినాక చేసేదేమీ లేదు, పీకి దూరంగా పూడ్చేయాల. అందుకే నారు దశలోనే పాత వాయిలు చీర ముక్కో, సన్నటి వలో కప్పి పెంచు. పసుపు పచ్చ జిగురు అట్టలు రెండు వేలాడదియ్. వారానికోసారి లీటరు నీళ్ళకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి ఆకుల అడుగున పడేట్లు చల్లు. దోమ ఉండేది అడుగునే, పైన చల్లి లాభం లేదు.

రెండోది వాడు తెగులు. పచ్చగా ఉన్న చెట్టు మధ్యాహ్నం వాడుతుంది, సాయంత్రానికి తేరుకున్నట్లుంటుంది, రెండు మూడు రోజుల్లో ఆకు పసుపైనా తిరగకుండా నిలువునా చచ్చిపోతుంది. దిష్టి తగిలిందనుకునేది ఇట్లాంటివి చూసే. దిష్టి కాదో అవునో తేల్చుకునేదానికి ఒక పరీక్ష ఉంది. మొదలు దగ్గర కాండం జానెడు ముక్క కోసి, తేటనీళ్ళ గాజు గ్లాసులో కొస మునిగేట్లు కదలకుండా పట్టుకో. కాసేపటికి కోసిన చోటు నుంచి పాలధారలాగా సన్నటి తెల్ల దారం నీళ్ళలోకి జారుతా కనిపిస్తే అది బాక్టీరియా. ఆ మట్టిలో మళ్ళీ ఏళ్ళ తరబడి టమోటా వేయొద్దు. ధార రాకుండా, కాండం చీలిస్తే లోపల గోధుమ చారలుంటే అది బూజు వల్ల వచ్చిన వాడు.

వాడు తెగులు ఉన్న ఇంట్లో కూడా నల్ల టమోటా కాయించాలంటే దారి అంటు కట్టడం. తైవాన్‌లో ఉన్న ప్రపంచ కూరగాయల కేంద్రం వాళ్ళు వంగ వేరు మీద టమోటా అంటు కట్టే పద్ధతిని ఎన్నో దేశాల రైతులకు నేర్పించినారు. దాంతో లాభం రెండు విధాలు. బాక్టీరియాను తట్టుకుంటుంది, వేళ్ళకు నీళ్ళు నిలబడినా తట్టుకుంటుంది. మన వానలకు ఇంతకంటే ఏం కావాల? అయితే అన్ని వంగలూ పనికిరావు. బెంగళూరు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క నిధి, అర్క కేశవ్, అర్క నీలకంఠ్ లాంటి వాడును తట్టుకునే రకాలు కావాల. మన కంచెల్లో మొలిచే ఉస్తి మీద వంగను కట్టేవాళ్ళున్నారు, టమోటాకు మాత్రం వంగ వేరే మేలు. వంగ నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి దాని నారు టమోటా కంటే కొన్ని రోజులు ముందు పోయాల. రెండు కాండాలూ ఒకే లావు ఉన్నప్పుడు వంగ తల కోసి, మధ్యలో చీల్చి, టమోటా కొసను చీలగా చెక్కి అందులో దించి, క్లిప్పు పెట్టు. వారం రోజులు నీడలో పాలిథీన్ సంచి కప్పి, బాలింతను చూసుకున్నట్లు చూసుకో. ఇట్లా కట్టిన మొక్కను నాటేటప్పుడు మాత్రం నేను ఇందాక చెప్పిన లోతు నాటుడు పనికిరాదు. అతుకు మట్టికి పైనే ఉండాల, లేదంటే టమోటా సొంత వేళ్ళు దించి జబ్బు తెచ్చుకుంటుంది. ఇద్దరు చెల్లెళ్ళు చేసిన అంటుల్లో ఒకరివి నాలుగు బతికితే ఇంకొకరివి ఒకటే బతకొచ్చు. చెయ్యి తిరగాల్సిన పని, పదో అంటుకు వస్తుంది.

కోతుల సంగతి అడగొద్దు. కొండ పక్క ఊళ్ళం, వాటితో కాపురం తప్పదు. నిమ్మకాయలొచ్చే వల సంచులు గుత్తులకు తొడిగితే ఉడతలు, చిలకల వరకూ ఆగుతాయి. కోతికి అది ఆటవస్తువు.

అందుకే కాయను చెట్టు మీద పూర్తిగా మాగనియ్యొద్దు. అడుగున రంగు తిరగడం మొదలయితే చాలు, కోసి వంటింట్లో నీడన పెట్టు. అప్పటికే తీపికి కావలసిందంతా కాయలోకి చేరి ఉంటుంది. రంగు తిరిగిన కాయ ఇంట్లో మాగినా రుచి తగ్గదు, పగుళ్ళూ పిట్టలూ రెండు బాధలూ తప్పుతాయి. మాగిందీ లేనిదీ కంటితో తేలదు వీటికి. భుజాలు ఆకుపచ్చగానే ఉంటాయి, అవి ఎర్రబడేదాకా ఆగినావంటే కిందంతా కుళ్ళిపోతుంది. అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో అడుగు భాగం మెల్లగా నొక్కి చూడు. మాగిన మామిడిపండులా కొంచెం లోపలికి పోవాల. తొడిమ దగ్గర వాసన చూడు, ఆకు వాసన పోయి కమ్మటి వాసన రావాల. ఫ్రిజ్జులో మాత్రం పెట్టొద్దు, రుచి అక్కడే చచ్చిపోతుంది.

వంటకొస్తే, పప్పులో వెయ్యొద్దు మే. రంగు బురదలా తేలుతుంది, మామగారు పళ్ళెం పక్కకు జరిపేస్తారు. చారుకు కూడా వద్దు, వీటి పులుపు తీపి కింద దాక్కుంటుంది, చింతపండు రెట్టింపు వెయ్యాల్సొస్తుంది. పెద్ద కాయను అడ్డంగా మందంగా కోసి, ఉప్పు, మిరియాల పొడి చల్లి అట్లే తినాల. రెండోది ఊరుబిండి. దాంట్లో దీనికి సాటి లేదు. చెనక్కాయనూనెలో పచ్చిమిరపకాయలు చిట్లనిచ్చి తీసి, అదే నూనెలో కాయలను రెండు బద్దలు చేసి కోసిన ముఖం కిందికి పెట్టి మూత వెయ్యి. తోలు ముడుచుకుని లేచినాక చేత్తో లాగేస్తే వచ్చేస్తుంది. రోట్లో మిరపకాయలు, ఉప్పు, జీలకర్ర, నాలుగు తెల్లగడ్డ పాయలు, వేలి కొసంత చింతపండు ముందు నూరి, టమోటా వేసి కచ్చాపచ్చాగా నూరు. చివర్న చిన్న ఎర్రగడ్డలు రెండు వేసి పొత్రంతో ఒక్క దంచు, అంతే, మెదపొద్దు. మిక్సీలో వేస్తే నురగ తేలి రంగు పోతుంది. వేడి సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోసుకుని, పక్కన ఈ ఊరుబిండి. ఇటుక నలుపు రంగులో ఉంటుంది, పొగ తగిలిన వాసన వస్తుంది. ఈ ముక్క రాస్తా ఉంటే నాకే నోరూరుతోంది.

మొదటి కోతల్లోనే, జబ్బు లేని చెట్టు నుంచి, అన్నిటికంటే బాగున్న కాయను విత్తనానికి పక్కన పెట్టు. తినేసినాక మిగిలిన కాయలో నుంచి తీసుకుందాం అనుకుంటే పంట చివరికి మిగిలేవి గిడసబారిన కాయలే. టమోటా పువ్వు తనకు తానే ఫలదీకరణ చేసుకుంటుంది కాబట్టి పాతరకాల్లో తల్లి ఎట్లాగో పిల్ల అట్లాగే వస్తుంది. హైబ్రిడ్డులో ఇది కుదరదు. అయినా పక్కపక్కన రెండు రకాలుంటే, విత్తనానికి అనుకున్న పూగుత్తికి విచ్చుకోకముందే పలచటి గుడ్డ సంచి కట్టి, కాయ కుదురుకున్నాక తీసెయ్. మాగిన కాయ గింజలు జిగురుతో సహా గాజు గ్లాసులోకి పిండి, కాసిని నీళ్ళు కలిపి రెండు మూడు రోజులు నీడలో వదిలెయ్. పైన తెల్లటి బూజు పొర కడుతుంది, వాసన కూడా వస్తుంది, ఇంట్లోవాళ్ళు గొణుగుతారు, పట్టించుకోవద్దు. ఆ పులియడంతోనే గింజ చుట్టూ ఉన్న జిగురు ఊడిపోతుంది, కొన్ని తెగుళ్ళ క్రిములూ పోతాయి. తేలినవి పారబోసి, అడుగున దిగినవి జల్లెడలో కడిగి, స్టీలు పళ్ళెంలో పలచగా నీడన ఆరబెట్టు. కాగితం మీద వేస్తే అతుక్కుపోతాయి. పూర్తిగా ఆరినాక కాగితపు కవరులో వేసి, రకం పేరూ, నెలా, ఏడాదీ రాసి, గట్టి మూత డబ్బాలో పెట్టు. నాలుగైదేళ్ళు మొలకెత్తుతాయి. రెండో ఏడాది నుంచి ఇంటి గింజే వేస్తా పోతే, మన మట్టికీ మన ఎండకూ తట్టుకున్న చెట్టు గింజే ఏటా ఎంచుకున్నట్లవుతుంది.

మార్చి వచ్చేసరికి పగటి ఎండ ముదురుతుంది. చెట్టుకు కాయలు మిగిలుంటే మధ్యాహ్నం మీద షేడ్‌నెట్ వేసి ఇంకో రెండు వారాలు లాగొచ్చు. కొత్త పూత రాలడం మొదలయిందంటే ఇంక దాన్ని బతిమాలొద్దు. వేళ్ళతో సహా పీకి, అదే బకెట్టు మట్టిలో ఇంకో గుప్పెడు ఎరువు కలిపి బెండో, గోరుచిక్కుడో పెట్టుకో. అవి ఎండకు నవ్వే మొక్కలు. కట్టెలు కడిగి ఎండబెట్టి దాచుకో, దీపావళికి మళ్ళీ పని పడుతుంది. నారు మిగిలితే నాకూ రెండు పంపు, పుత్తూరు బస్సులో వచ్చేవాళ్ళెవరికైనా ఇచ్చినా సరే.